ఒక్కరుగా పౌరులు, ఇద్దరుగా అపరిచితులు

(2025 నవంబరు మొదటి వారంలో విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉద్యోగుల కోసం జరిగిన న్యాయ అవగాహన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి పదకొండు దాటాక నాకు ఫోను వచ్చింది. రోడ్డు ప్రమాదం జరిగింది, మనిషికి స్పృహ లేదు, వెంటనే ఆపరేషన్ చేయాలి. ఆసుపత్రికి తీసుకువెళ్లినది ఆయనతో తొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో కాపురం ఉంటున్న మనిషి. సమ్మతి పత్రం చేతికిచ్చారు. అందులో అడుగున ఒక గడి ఉంటుంది, మీరందరూ చూసే ఉంటారు: "రోగికి ఏమవుతారు?" అని. ఆ పత్రం నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ గడిలో మొదట "స్నేహితుడు" అని రాసి కొట్టేశాడు. తరువాత "అన్న" అని రాసి అదీ కొట్టేశాడు. ఆ పైన చోటు చాలక, గడి బయటికి వచ్చి, చిన్న అక్షరాలతో "కలిసి ఉంటాం" అని రాశాడు. రక్తసంబంధీకులు కావాలన్నారు. ఆరేళ్లుగా మాటల్లేని తల్లిదండ్రులకు ఫోను చేయాల్సి వచ్చింది. వాళ్లు తెల్లవారుజామున వచ్చారు. తల్లి సంతకం చేసింది. మనిషి బతికాడు.

ఆ రాత్రి ఆ ఇద్దరిలో ఎవరూ నేరస్తులు కాదు. పోలీసులు వాళ్ల జోలికి రాలేరు. రాజ్యాంగం దృష్టిలో ఇద్దరూ పూర్తి పౌరులు. కానీ ఒకరికి ఒకరు ఏమవుతారు అని అడిగితే చెప్పడానికి చట్టంలో మాట లేదు. ఈ రోజు నేను చెప్పదలచినదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మన దేశంలో చట్టం క్వీర్ మనిషిని, అంటే స్వలింగ ప్రేమికులనో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులనో, ఒక్కరుగా నిలబడినప్పుడు గుర్తిస్తుంది. ఇద్దరు చెయ్యి పట్టుకుని వస్తే వాళ్లు ఆ చట్టానికి అపరిచితులే. గుర్తింపు ఉన్నచోట దాన్ని ఎలా వాడుకోవాలి, లేనిచోట ఏ కాగితం అడ్డం పెట్టుకోవాలి అన్నది మాట్లాడుకుందాం.

పాత కథ క్లుప్తంగా చెబుతాను. 1860 నాటి శిక్షాస్మృతిలో, ప్రకృతి విరుద్ధమంటూ స్వలింగ సంబంధాన్ని నేరం చేసే సెక్షన్ 377 పెట్టారు. 2009లో ఢిల్లీ హైకోర్టు, ఇష్టపూర్వకంగా కలిసి ఉన్న మేజర్లకు అది వర్తించదని చెప్పింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ రోజు నా ఆఫీసులో ఒక కుర్రవాడు కూర్చుని, "అంటే నేను మళ్లీ నేరస్తుడినయ్యానా మేడం?" అని అడిగాడు. నాలుగేళ్లు పౌరుడిగా బతికి, ఒక్క ఉదయంతో మళ్లీ నేరస్తుడైపోవడం ఎలా ఉంటుందో ఆ ముఖంలో చూశాను. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అనీ, లైంగికత అందులో అంతర్భాగమనీ తేల్చారు. చివరికి 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా పరస్పర సమ్మతి ఉన్న సంబంధాలను నేరం పరిధి నుంచి తప్పించారు. ఈ మనుషులకూ వాళ్ల కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని జస్టిస్ ఇందు మల్హోత్రా ఆ తీర్పులో రాశారు. కుటుంబాలకు కూడా అని. ఇక్కడున్న తల్లిదండ్రులు ఆ మాట గమనించండి.

మన ఇంటి చరిత్ర కూడా ఒకటుంది, ఎక్కువమందికి తెలియదు. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టం అని ఒకటి వచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. అలా పేరెక్కిన మనిషి చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, నలుగురిలో పాడినా, ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల దాకా జైలు వేయవచ్చు. నిజాం పాలన పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ విడిగా వచ్చింది. ఆ చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు హైకోర్టుకు వెళితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూటనాలుగేళ్లు! ఒక మనిషి చీర కట్టుకుని వీధిలోకి రావడాన్ని నేరమనే చట్టం మన నేల మీద నూటనాలుగేళ్లు బతికింది. దాన్ని దించడానికి మనుషులు పూనుకోవాల్సి వచ్చింది. చట్టాలు వాటంతట అవి చావవు.

ఇప్పుడు యువత దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంత ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇరవై నుంచి ఇరవైఅయిదేళ్ల ఆడపిల్లలవే.

అన్నింటికంటే ముందు వయసు. పద్దెనిమిది నిండితే మీరు మేజర్. మీరు ఎవరితో, ఎక్కడ ఉండాలో నిర్ణయించుకునే హక్కు మీది. తండ్రిది కాదు, అన్నది కాదు, స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌ది కాదు. ఇంటి నుంచి వెళ్లిపోయిన పిల్ల మీద మిస్సింగ్ కేసు పెడతారు. కొన్నిసార్లు స్నేహితురాలి మీద కిడ్నాప్ కేసు కూడా పెడతారు. భయపడి ఊళ్లు మారుతూ దాక్కోవడం కంటే, మీరు మీ ఇష్టంతోనే వచ్చారని రాసి, వయసు ధ్రువపత్రం నకలు జతచేసి, స్టేషనుకు రిజిస్టర్ పోస్టులో పంపించండి. ఆ రసీదు పారేయకండి. 2021 జూన్‌లో మద్రాస్ హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఉత్తర్వుల్లో, ఇలాంటి మిస్సింగ్ ఫిర్యాదుల్లో వాళ్లు ఇష్టపూర్వకంగా కలిసి ఉంటున్న మేజర్లని తేలితే వాంగ్మూలం తీసుకుని ఫిర్యాదు మూసేయాలని స్పష్టంగా ఉంది. ఆ న్యాయమూర్తి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఈ విషయం తనకు సరిగా అర్థం కావడం లేదని ఆయన కోర్టులోనే ఒప్పుకున్నారు. మానసిక నిపుణురాలి దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. ఆ తరువాతే తీర్పు రాశారు. తెలియదని ఒప్పుకున్న ఆ నిజాయితీకి నేను ఇప్పటికీ నమస్కరిస్తాను.

ఇంట్లో బంధించి ఉంచితే దారి హెబియస్ కార్పస్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుకు తీసుకురమ్మని కోరే పిటిషన్. మీ భాగస్వామో, స్నేహితులో హైకోర్టులో వేయవచ్చు. ఒక కేసులో నేను కోర్టు వరండాలో చూసిన దృశ్యం చెబుతాను. ఇరవైరెండేళ్ల అమ్మాయిని ఇద్దరు మేనమామలు చెరో వైపు కూర్చుని తీసుకొచ్చారు. ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని, చున్నీ అంచును వేలికి చుట్టి విప్పుతూ ఉంది. నేను పలకరిస్తే మేనమామ సమాధానం చెబుతున్నాడు. న్యాయమూర్తి ఆమెను ఒంటరిగా ఛాంబరులోకి పిలిచి, తలుపు వేయించి, మంచినీళ్లు ఇప్పించి, "నీకు ఎక్కడికి వెళ్లాలని ఉందమ్మా?" అని అడిగారట. ఇరవై నిమిషాల తరువాత ఆమె ఆ తలుపులోంచి ఒక్కతే నడిచి వచ్చింది. ఆ తలుపు వేయించడమే కీలకం. 2024 మార్చి 11న సుప్రీంకోర్టు దేవు జి. నాయర్ కేసులో అన్ని కోర్టులకూ ఇదే మార్గదర్శకంగా ఇచ్చింది. మనిషితో ఏకాంతంగా మాట్లాడాలి. కన్నవారి ఒత్తిడి లేకుండా చూడాలి. లైంగికతను మార్చే కౌన్సెలింగుకు పంపకూడదు. అవసరమైతే పోలీసు రక్షణ ఇవ్వాలి. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి ఇంట్లో నిర్బంధంలో ఉన్న యువతి మేజర్ గనుక తన సహచరితో కలిసి జీవించవచ్చని చెప్పి పంపించింది. 2025 మేలో మద్రాస్ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదు, మనం ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమే అంది.

పద్దెనిమిది నిండని పిల్లలకు వేరుగా చెప్పాలి. మనసులో ఏముందో అది నేరం కాదు. మీరెవరో చెప్పుకోవడం నేరం కాదు. కానీ పద్దెనిమిదిలోపు లైంగిక సంబంధం పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కిందికి వస్తుంది. ఇద్దరికీ ఇష్టమే అన్న సమాధానం అక్కడ చెల్లదు. ఇది దాచిపెడితే మిమ్మల్ని మోసం చేసినట్లవుతుంది. ఇంట్లో కొడుతుంటే, గదిలో బంధిస్తుంటే 1098కి ఫోను చేయండి. ట్రాన్స్ పిల్లలకైతే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం సెక్షన్ 12 గట్టి అండ. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఏ బిడ్డనూ కోర్టు ఉత్తర్వు లేకుండా తల్లిదండ్రుల నుంచి వేరుచేయకూడదు. ఇంట్లోంచి వెళ్లగొడితే సెక్షన్ 18 కింద అది నేరం. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష పడుతుంది.

"మార్చేస్తాం" అనే వైద్యం గురించి. తల్లిదండ్రులారా, ప్రేమతోనే తీసుకువెళతారు మీరు, నాకు తెలుసు. మందులు మింగించి, కరెంటు షాకులిచ్చి, ఉపవాసాలు చేయించిన ఇళ్లను నేను చూశాను. అది వైద్యం కాదు. జాతీయ వైద్య కమిషన్ 2022లో దాన్ని వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. అంటే అలా చేసిన డాక్టరు మీద వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇంకో మేలు చేసింది. సమాజపు నీతికి సరిపడలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగి అనకూడదని రాసింది. లైంగికతను బట్టి చికిత్సలో వివక్ష చూపకూడదనీ రాసింది.

కాలేజీ మాట ఒక్క ముక్కలో: యూజీసీ ర్యాగింగ్ నిబంధనల్లో 2016 సవరణతో లైంగికత, జెండర్ ఆధారంగా చేసే వేధింపు, వెలివేత కూడా ర్యాగింగే. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ మాట వాడండి. ర్యాగింగ్ అన్న మాట చూస్తే యాజమాన్యం ఫైలు పక్కన పెట్టలేదు.

ఇక కుటుంబం. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు, పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదంది. స్వలింగ జంటల బంధాన్ని గుర్తించాలా వద్దా అన్నది చట్టసభల పని అంది. బంధానికి పౌర గుర్తింపు, జంటగా దత్తత విషయంలో తీర్పు మూడుకు రెండుగా చీలింది, ఎక్కువమంది న్యాయమూర్తులు వాటికి ఒప్పుకోలేదు. రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. ఆ తీర్పు వచ్చిన సాయంత్రం నేను ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు? అయితే అందులోనే అందరు న్యాయమూర్తులూ ఒప్పుకున్న మాట ఒకటుంది. ట్రాన్స్ స్త్రీ పురుషుణ్ణి, ట్రాన్స్ పురుషుడు స్త్రీని ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చు. అలా పెళ్లయిన ట్రాన్స్ స్త్రీ గృహహింసపై శిక్షాస్మృతిలోని సెక్షన్ 498ఎ కింద ఫిర్యాదు చేసే హక్కు గల భార్యేనని 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఆ ప్రత్యేక కేసు ఆధారాలు లేక కొట్టేశారు గానీ, ఆ సూత్రం నిలిచింది.

పెళ్లి లేనిచోట కాగితాలే దిక్కు. అలా అనడం నాకు ఇష్టం లేదు, కానీ ఈ రోజు నిజం అదే.

మొదటిది వీలునామా. మీరు వీలునామా రాయకుండా పోతే, ఇద్దరూ కలిసి కొన్న ఇంట్లో మీ వాటా వారసత్వ చట్టం ప్రకారం కన్నవారికి పోతుంది. మీ సహచరుడు ఆ ఇంట్లోనే బయటివాడవుతాడు. తెల్ల కాగితం చాలు, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించండి, ఎందుకంటే మీ వీలునామాను సవాలు చేసేవాళ్లు ఉంటారు. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లను సాక్షిగా పెట్టకండి. చాలామంది "నామినీగా పేరు పెట్టాను కదా మేడం" అంటారు. నామినీ అంటే డబ్బు అందుకునేవాడు మాత్రమే, సొంతదారు కాదు. షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు మరోసారి ఇదే చెప్పింది. నామినేషన్ ఉన్నా వీలునామా రాయాల్సిందే.

ప్రావిడెంట్ ఫండ్ దగ్గర ఒక మెలిక ఉంది. ఆ పథకం నిబంధనల ప్రకారం చందాదారుకు కుటుంబం ఉంటే నామినేషన్ కుటుంబ సభ్యులకే చెల్లుతుంది. కుటుంబం అన్న మాటలో ఆధారపడిన తల్లిదండ్రులు ఉన్నారు, సహచరుడు లేడు. కాబట్టి మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు లేకపోతేనే సహచరుడి పేరు రాయగలరు. ఉంటే ఆ పేరు చెల్లదు. ఇరవైఏళ్లు దాచుకున్న సొమ్ము ఒక నిర్వచనం దగ్గర ఆగిపోతుంది. బ్యాంకులో పరిస్థితి మెరుగు. క్వీర్ జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక సేవల విభాగం స్పష్టం చేసింది. రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివారిగా పరిగణించాలని ఆహార శాఖ కూడా రాష్ట్రాలకు రాసింది. సుప్రియో కేసు తరువాత వేసిన కమిటీ వల్ల వచ్చిన చిన్న మేలు ఇవి. కౌంటరు దగ్గర గుమస్తాకు తెలియకపోవచ్చు. ఆ ఉత్తర్వు నకలు సంచిలో పెట్టుకుని వెళ్లండి.

మొదట చెప్పిన ఆసుపత్రికి మళ్లీ వస్తాను. స్పృహలో ఉన్న మేజర్ రోగి తన సమ్మతి తానే ఇవ్వాలి, ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు. సమస్యల్లా స్పృహ తప్పినప్పుడే. మానసిక చికిత్స అయితే, 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 14 కింద మీకు నచ్చిన మేజర్‌ను మీ ప్రతినిధిగా తెల్ల కాగితం మీద సంతకం చేసి నియమించుకోవచ్చు. ప్రాణాంతక స్థితిలో ఏ చికిత్స వద్దో చెప్పే ముందస్తు వైద్య నిర్దేశం ఇంకోటుంది. 2023లో సుప్రీంకోర్టు దాన్ని సులభం చేసింది. ఇద్దరు సాక్షులతో నోటరీ దగ్గరో, గెజిటెడ్ అధికారి దగ్గరో చేయవచ్చు. మిగతా సందర్భాలకు, "నా ఆరోగ్య విషయాల్లో ఫలానా వ్యక్తిని సంప్రదించండి" అని సంతకంతో రాసిపెట్టండి. అది ఆసుపత్రిని పూర్తిగా కట్టడి చేయకపోవచ్చు. కానీ రాత్రి పూట డ్యూటీలో ఉన్న డాక్టరుకు మనసు ఒప్పుకోవడానికి ఒక ఆధారం కావాలి. ఆ కాగితం ఆ ఆధారం అవుతుంది.

పిల్లల విషయం బాధాకరం. జంటగా దత్తతకు రెండేళ్ల స్థిరమైన వైవాహిక బంధం కావాలి. ఒంటరి వ్యక్తిగా దత్తత తీసుకోవచ్చు, అయితే ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. ఇంట్లో ఇద్దరు అమ్మలున్నా బడి రికార్డులో ఒక్కరే అమ్మ. రెండో అమ్మ హక్కును చట్టం ఒప్పుకోదు. బిడ్డకు సంరక్షకురాలిగా ఆమెను కోరుతున్నట్లు వీలునామాలో రాయడం కొంత మేలు, అంతే.

ఇక ఉద్యోగులు. రామచంద్ర సిరాస్ పేరు విన్నారా? అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ ఆచార్యుడు. 2010లో ఆయన ఇంట్లోకి చొరబడి వీడియో తీశారు. విశ్వవిద్యాలయం ఆయనను సస్పెండ్ చేసింది. అలహాబాద్ హైకోర్టు ఏప్రిల్ 1న ఆ సస్పెన్షన్‌ను నిలిపివేసింది. వారం తిరగకుండానే ఆయన తన గదిలో శవమై కనిపించారు. కేసు గెలిచిన కక్షిదారును ఇంటికి పంపేటప్పుడు నాకు ఎప్పుడూ ఆయన గుర్తొస్తారు. ఉత్తర్వు చేతికిచ్చాక కూడా ఆ రాత్రి ఒకసారి ఫోను చేసి మాట్లాడతాను.

అదే అలహాబాద్ హైకోర్టు 2021లో, స్వలింగ ప్రేమ వీడియో బయటపడిందని తొలగించిన హోంగార్డును తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. ప్రభుత్వ ఉద్యోగులకు ఈ రక్షణ గట్టిది, ఎందుకంటే రాజ్యాంగంలోని 14, 15, 16 అధికరణాలు ప్రభుత్వాన్ని నేరుగా బంధిస్తాయి. ప్రైవేటు సంస్థలో గే అని తెలిసి తొలగిస్తే, లైంగికత పేరెత్తి వివక్షను నిషేధించే చట్టం నేటికీ లేదు. సంస్థ సొంత విధానం, నియామక ఒప్పందం, కార్మిక చట్టాలు, ఇవే మీ ఆయుధాలు. కాబట్టి ఉద్యోగంలో చేరిన రోజునే సంస్థ విధాన పత్రం దింపుకుని దాచుకోండి. వేధింపు సందేశాలు తేదీలతో సహా భద్రపరచండి. "నువ్వు మాకు సరిపడవు" అని నోటితో అంటే, ఆ సాయంత్రమే "ఈ రోజు మీరు ఇలా అన్నారు" అని మెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా అది సాక్ష్యమే.

ట్రాన్స్ ఉద్యోగులకు మాత్రం 2019 చట్టం ప్రైవేటు సంస్థలనూ కట్టేసింది. సెక్షన్ 9 ప్రకారం నియామకంలో, పదోన్నతిలో వివక్ష చూపకూడదు. సెక్షన్ 11 ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని నియమించాలి. మీ సంస్థలో ఆ అధికారి ఎవరో రేపు వెళ్లి లిఖితంగా అడగండి. 2025 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఒక ట్రాన్స్ ఉపాధ్యాయిని కేసులో తీర్పు ఇచ్చింది. ఏడాది తిరగకుండా రెండు రాష్ట్రాల్లో రెండు బడులు ఆమెను వదిలించుకున్నాయి. చట్టం కాగితం మీదే ఉండిపోయిందని కోర్టు తీవ్రంగా మందలించింది, పరిహారం ఇప్పించింది, సమాన అవకాశాల విధానం రూపొందించడానికి మాజీ న్యాయమూర్తి ఆశా మేనన్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ చట్టం మీద నాకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. ట్రాన్స్ మనిషిపై లైంగిక హింసకు కూడా రెండేళ్లే గరిష్ఠ శిక్ష అనడం అవమానం. జెండర్‌ను స్వయంగా చెప్పుకునే హక్కును 2014లో సుప్రీంకోర్టు నల్సా కేసు తీర్పు ఇచ్చింది, శస్త్రచికిత్స షరతు పెట్టకూడదంది. ఈ చట్టం మాత్రం స్త్రీ లేదా పురుషుడు అని ధ్రువపత్రం కావాలంటే శస్త్రచికిత్స కాగితం తెమ్మంటుంది. అయినా చేతిలో ఉన్న సెక్షన్‌ను వాడకుండా వదిలేయకండి.

ఇంకొకటి. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 పూర్తిగా లేదు. దానితోపాటు, మేజర్ పురుషుడి మీద జరిగిన అత్యాచారాన్ని ఆ పేరుతో శిక్షించే సెక్షన్ కూడా లేకుండా పోయింది. అలా హింసకు గురైనవాళ్లు ఇక్కడ ఉంటే, గాయం, నిర్బంధం, బెదిరింపు వంటి సెక్షన్ల కింద ఫిర్యాదు రాయవచ్చు. చట్టంలో పేరు లేనంత మాత్రాన మీకు జరిగినది జరగనట్లు కాదు.

ఉచిత న్యాయ సహాయానికి 15100. మహిళలకు, పిల్లలకు ఆదాయ పరిమితి లేదు.

ఆసుపత్రిలో ఉన్న ఆ ఇద్దరి సంగతి మీలో కొందరు అడుగుతారు. పోయిన వేసవిలో వీలునామాలు రిజిస్టరు చేయించుకున్నారు. సాక్షి సంతకం పెట్టినవాళ్లలో ఒకరు ఆ రాత్రి తెల్లవారుజామున వచ్చిన తల్లి. "ఏమవుతారు?" అని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా అడిగితే, ఆమె చాలాసేపు ఆలోచించి, "ఇద్దరూ మా అబ్బాయిలే" అంది.

వీలునామా, వైద్య ప్రతినిధి పత్రం, పోలీసులకు పంపే లేఖ, మూడింటి నమూనాలు వెనక బల్ల మీద ఉన్నాయి, తీసుకోండి. నలుగురిలో అడగడం ఇష్టం లేనివాళ్లు సభ అయ్యాక రండి. చివరి మనిషి వెళ్లేదాకా నేను ఇక్కడే ఉంటాను.